నాలుగు గోడలు, నలభై నీలాలు

మా పెళ్ళిచూపులకి కూడా అంతమంది రాలేదు. మా అత్తమ్మ గదికి రంగు ఎంచడానికి వచ్చారు!

సంగతేమిటంటే, కిందటేడు వానాకాలంలో మా అత్తమ్మ బాత్రూము గడపలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఎనభై దాటిన మనిషి, లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు పట్టాలి. సూర్యాపేటలో మా ఇంట్లో తూర్పు వైపున్న చిన్న గది ఆమెకి ఇచ్చాం. అంతకుముందు అందులో బియ్యం బస్తాలూ, పాత సూట్‌కేసులూ, మా అబ్బాయి ఇంజనీరింగు పుస్తకాలూ ఉండేవి. గోడలకి ఎప్పటిదో మీగడరంగు డిస్టెంపరు, తాకితే పిండిలా చేతికి అంటుకుంటుంది.

"ఇట్లాంటి గదిలో అమ్మని పడుకోబెడితే చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు మా వారు.

గమనించారా? అమ్మ ఏమనుకుంటుందని కాదు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారని!

రంగు వెయ్యాల్సిందేనని తీర్మానం అయింది. ఏం రంగు? నీలం. ఆ ఒక్క విషయంలో మా ఇంట్లో ఎవరికీ పేచీ రాలేదు. ముసలామెకి ప్రశాంతంగా ఉంటుందన్నారు, చల్లగా ఉంటుందన్నారు. సరే, ఏ నీలం? అక్కడ మొదలైంది కురుక్షేత్రం.

మా వారు బజారుకి వెళ్ళి రంగుల కార్డు పట్టుకొచ్చారు. పెళ్ళి ఆల్బం అంత ఉంది. లెక్కపెట్టాను, నీలాలే నలభై. పేర్లన్నీ ఇంగ్లీషులో. ఒకటి సముద్రం నిట్టూర్పట, ఇంకోటి అర్ధరాత్రి మౌనమట. రంగు చెప్పవయ్యా అంటే కవిత్వం చెప్తాడేమిటి! మనకి పేర్లు లేవా? నెమలికంఠం ఉంది, ఆకాశనీలం ఉంది, ఇంకు బ్లూ ఉంది, మైలుతుత్తం రంగు ఉంది. కంచి నేతగాడు ఒకాయన ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారికి నేసి ఇచ్చిన చీరల నీలానికి ఎమ్మెస్ బ్లూ అనే పేరే స్థిరపడిపోయింది. ఈనాటికీ పట్టుచీరల కొట్లో ఆ రెండు మాటలు అంటే చాలు, ఏ నీలమో వాళ్ళకి తెలుస్తుంది.

నా మొదటి దెబ్బలాట ఇక్కడే. చీరల కొట్లో పది నీలాలు పరిచి, "ఇది కాదు బాబూ, దీనికన్నా ఒక్క పిసరు తగ్గాలి" అని చెప్పగల ఆడదాన్ని, రంగుల కొట్టు గుమ్మం ఎక్కగానే "నీకేం తెలుసు, నువ్వు ఊరుకో" అంటారు. చీర మహా అయితే ఏడాదికి నాలుగుసార్లు కడతాం. గోడ పదేళ్ళు కట్టుకుంటాం. మరి గోడ దగ్గర మన కళ్ళు ఎందుకు పనికిరాకుండా పోతాయో ఆ కొట్టువాళ్ళూ, మా వారూ కలిసి చెప్పాలి.

ఆదివారం అత్తమ్మని చూడ్డానికి అందరూ వచ్చారు. కార్డు చేతులు మారింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన మా మరిది ముదురు నీలం మీద వేలు పెట్టాడు. "వదినె, మంచం తలవైపు ఒక్క గోడకి ఇది కొట్టించండి. మా రూంలో అదే వేసినం. హోటల్ల లెక్క ఉంటది." కోదాడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ పెదవి విరిచింది. "ముదురైతే గుహ లెక్క ఉంటది వదినె. ఇగో, ఈ లేతది చూడు. మా మనవడి గదికి వేయించిన." వరసకి మామయ్య అయ్యే పెద్దాయన మాత్రం మొదటికే మోసం తెచ్చాడు. నీలం శని రంగట, పడకగదికి పనికిరాదట. నీలం రాయి ఉంగరంలో పెట్టించుకోవాలన్నా మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని, పడుతుందో లేదో చూసుకోవాలట.

ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క మాత్రం నాకు నచ్చింది. అదేమిటో తర్వాత చెప్తాను.

వాళ్ళంతా వెళ్ళాక పక్కింటావిడ వచ్చి గొంతు తగ్గించింది. "నీలం వేస్తున్నారటగా? ఆ రంగు... వాళ్ళ జెండా కదా?" ఎవరి జెండానో ఆమె చెప్పలేదు, చెప్పకపోయినా తెలుసు. అంబేద్కర్ 1942లో పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. "మరి మీ పూజగదిలో కృష్ణుడు ఏ రంగండీ?" అన్నాను. ఆమె కాఫీ సగంలో వదిలేసి వెళ్ళింది. ఆకాశానికి కూడా కులం అంటగట్టగలిగే వాళ్ళం మనం! నా రెండో దెబ్బలాట అది. దాన్ని సాగదీయను, మీకు అర్థమైంది.

మూడోది ఈ 'చల్లన' అనే మాట మీద. మా ఊరు సూర్యుడి పేరు పెట్టుకున్న ఊరు. మే నెలలో 45 డిగ్రీలకి అటూ ఇటూ ఉడికిపోతాం. గదిలోపల గోడకి నీలం వేసినంత మాత్రాన ఆ వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. కంటికి చల్లగా అనిపించడం వేరు, ఒంటికి చల్లబడడం వేరు. వేడి దిగేది పైనుంచి, స్లాబులోంచి. స్లాబు పైన తెల్లగా సున్నమో, ఎండని తిప్పికొట్టే తెల్ల పూతో వేస్తే అప్పుడు తేడా తెలుస్తుంది. ఆ మాట నేనొక్కదాన్నే అనడం లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. ఇంకో తమాషా చూడండి. పడుకునేముందు సెల్‌ఫోను చూడొద్దు, అందులో నీలి వెలుతురు నిద్ర చెడగొడుతుంది అని చెప్పే నోరే, గోడకి నీలం వెయ్యి, హాయిగా నిద్రపడుతుంది అని చెప్తుంది. ఫోనులోది వెలుతురు, గోడ మీదిది రంగు, రెండూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ నీలం వేస్తే నిద్ర దానంతటదే వచ్చేస్తుందనడం మాత్రం అమ్మకానికి పుట్టిన మాట.

ఇంతలో మరిది కూతురి వోణీల ఫంక్షను వచ్చింది. మిర్యాలగూడ వెళ్ళి ఆ ముదురు నీలం గోడ కళ్ళారా చూశాను. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక వరి పొలాలతో పాటు పెరిగిన ఊరు అది. రైసుమిల్లులకి పెట్టింది పేరు. మా మరిది ఇల్లు మిల్లులకి దగ్గర. ఆ గోడ ఫొటోలో మహారాజులా ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే సన్నటి తవుడు దుమ్ము, దాని మీద పిల్లల చేతివేళ్ళ గుర్తులు. మా యారాలు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. "రోజూ తుడవాల్నా?" అంటే నవ్వింది. "రోజూ కాదక్కా, పూటపూటకీ." రంగు ఎంచింది ఆయన, తుడిచేది ఈమె. ఎంచేవాళ్ళే తుడవాలని ఒక చట్టం వస్తే దేశంలో సగం ఇళ్ళ రంగులు మారిపోతాయని నా నమ్మకం.

వచ్చే దారిలో కోదాడలో ఒక రాత్రి ఉన్నాను. మనవడి గది లేత నీలం, మనవరాలి గది గులాబీ. మనవరాలికి ఎనిమిదేళ్ళు. ఆ పిల్ల రాత్రి నా పక్కన పడుకుని చెవిలో చెప్పింది. "అమ్మమ్మా, నాకు నీలమే ఇష్టం. తమ్ముడి రూములో పడుకుంటానంటే నాన్న తిట్టిండు. అది అబ్బాయిల రంగంట." అబ్బాయిల రంగు ఎప్పటినుంచి అయింది? అమెరికాలో 1918లో ఒక దుస్తుల వ్యాపార పత్రిక సరిగ్గా దీనికి తలకిందులుగా రాసింది: గులాబీ గట్టి రంగు కాబట్టి అబ్బాయిలకి, నీలం సున్నితం కాబట్టి అమ్మాయిలకి అని. వ్యాపారులు ఒకప్పుడు అటు తిప్పారు, తర్వాత ఇటు తిప్పారు. దాన్నే మన పెద్దలు సనాతన ధర్మంలా పట్టుకుని కూచున్నారు. పొద్దున్నే ఆ పిల్ల తరఫున గట్టిగా మాట్లాడి వచ్చాను. మా ఆడబిడ్డకి కాస్త కోపం వచ్చింది. పోనీలెండి.

సూర్యాపేట బస్సులో కూర్చున్నాక నా తలలో ఒక మాట టపీమని తగిలింది. పరాయి పిల్ల తరఫున ఇంత వాదించి వచ్చానే, ఇంట్లో మంచం మీద ఉన్న మనిషిని నేను అడిగానా? పదిహేను రోజులుగా ఆ గదిలో, ఆమె మంచం చుట్టూ నిలబడి, ఆమె తల మీదుగా కార్డు ఒకరికొకరం అందించుకుంటున్నాం. ఆమెకి చెవులు బాగానే వినిపిస్తాయి. మాట స్పష్టంగానే ఉంది. అయినా మరిది అడగలేదు, ఆడబిడ్డ అడగలేదు, కన్నకొడుకు అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె వండినదాంట్లో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పిన నేనూ అడగలేదు.

ఇంటికి రాగానే చెప్పులు విప్పి నేరుగా గదిలోకి వెళ్ళాను. కార్డు తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను.

"అత్తమ్మా, గోడలకి ఏ నీలం వేయిద్దాం?"

ఆమె కార్డు చూడనేలేదు. "గోడలు నాకేడ కనపడతయి బిడ్డా? ఎల్లెలికల పండుకున్నదాన్ని. పొద్దందాక నేను చూసేది ఆ పైకప్పే, ఆ ఫ్యానే. ఆ మూలకి నీళ్ళు కారిన మరక ఉన్నది, చూసినవా? రాత్రిపూట అది పాము పడగ లెక్క కొడ్తది. మీకు చెప్తే నవ్వుతరని చెప్పలే."

నేను తలెత్తి చూశాను. నిలబడి చూస్తే ఏమీ తెలియలేదు. ఆమె మంచం పక్కన చాప వేసుకుని పడుకుని చూశాను. నిజమే! ఫ్యాను రెక్కల మీద మూడేళ్ళ దుమ్ము, కడ్డీ దగ్గర బూజు, మూల పడగెత్తిన పాములాంటి మరక. నాలుగు గోడలూ ఎక్కడో అంచుల్లో ఉన్నాయి. కనపడేదంతా పైన ఉన్న స్లాబే. మేమంతా నిలబడ్డవాళ్ళ కళ్ళతో పడుకున్నావిడకి రంగు ఎంచుతున్నాం!

"మరి పైకప్పుకి ఏ రంగు కావాలి?"

"మా తల్లిగారింట్ల పండగకి సున్నం వేస్తుండ్రి. అండ్ల ఇంత నీలిమందు కలుపుతుండ్రి. అరుగులకి జాజు. ఆ సున్నం ఆరినంక ఉంటదే, తెల్లగ కాదు, నీలం కాదు... అది."

నలభై నీలాల కార్డులో లేని నలభై ఒకటో నీలం అది. మన అమ్మమ్మల ఇళ్ళన్నిటికీ ఉన్న నీలం. ఒకప్పుడు నీలిమందు నీలిచెట్టు ఆకు నుంచే వచ్చేది. గోల్కొండ రాజ్యంలో పండిన నీలిమందు మచిలీపట్నం రేవులో ఓడలెక్కింది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఖమ్మం జిల్లా నాగులవంచ దాకా వచ్చి కొఠీ పెట్టుకున్నారు. మా సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే హైవే ఇప్పటికీ ఆ మచిలీపట్నానికే పోతుంది. తర్వాత కాలంలో తెల్లవాళ్ళు బెంగాల్ రైతుల చేత బలవంతంగా నీలి పండించడం, 1859లో వాళ్ళు తిరగబడడం, 1917లో గాంధీగారు చంపారన్ వెళ్ళడం మనం బళ్ళో చదువుకున్నదే. కానీ మన అమ్మమ్మలు సున్నంలో కలిపిన పొట్లం అప్పటికే ఆకుది కాదు. అది వేరే నీలం. ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే రాయిని నూరితే వచ్చే రంగు అది. యూరప్‌లో ఒకప్పుడు దాన్ని బంగారంతో తూచేవారంటారు. 1820లలో ఫ్రాన్స్‌లో దాన్ని కొలిమిలో తయారుచేయడం కనిపెట్టాక, రాజులకే దక్కిన రంగు చాకిరేవు దాకా దిగింది. సున్నం ఘాటుకి కొన్ని నీలాలు పాడైపోతాయి, ఇది మాత్రం తట్టుకుంటుంది. అందుకే గోడ మీద నిలిచింది. చూశారా, మా అత్తమ్మ అడిగింది చవకబారు రంగేమీ కాదు.

ఇక కార్యం. పెయింటరు వచ్చి పైకి చూసి తల అడ్డంగా తిప్పాడు. "పైన తెలుపే వేస్తరమ్మా. నీలం వేస్తే రూం చీకటైతది." అతని మాటలో కొంత నిజం ఉంది. పైకప్పుకి వెలుతురు నేరుగా పడదు కాబట్టి అక్కడ ఏ రంగైనా కార్డులో కన్నా ముదురుగా కనిపిస్తుంది. అంచేత తెలుపులో నీలం ఉందా లేదా అన్నంత లేతగా కలపమన్నాను. అంతకుముందు పైన స్లాబు పగుళ్ళు పూడ్పించి, తెల్ల పూత వేయించాం. మరక తడి పూర్తిగా ఆరేదాకా రంగు ముట్టుకోనివ్వలేదు. తడి గోడకి ఎంత ఖరీదు రంగు వేసినా ఆర్నెల్లలో ఉప్పు పొంగి ఊడిపోతుంది. పాత రంగు గీకేటప్పుడు అత్తమ్మని హాల్లోకి మార్చాం. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90కి మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లోనే. మరిది మిగిలిపోయిన పాత ఎనామెలు డబ్బా ఒకటి తెచ్చి "కిటికీలకి వాడెయ్యండి వదినె" అంటే అదీ వద్దన్నాను.

అప్పుడు మామయ్యగారి మాట గుర్తొచ్చింది. మూడు రాత్రులు దిండు కింద పెట్టి చూడాలన్నారే, అది! వేలెడంత రాయికి ఇచ్చే మర్యాద గది మొత్తానికి ఎందుకివ్వం? చిన్న డబ్బా కలిపించి, ఫ్యాను పక్కన రెండు చేతుల వెడల్పున మూడు పట్టీలు వేయించాను, మూడు లేతదనాలు. మూడు రాత్రులు అలాగే వదిలేశాం. పగలు కిటికీ వెలుతురులో బాగున్నది, రాత్రి పచ్చటి బల్బు కింద బూడిదరంగు అయిపోయింది. తెల్ల ఎల్‌ఇడి కింద ఇంకోటి ఆస్పత్రి గోడలా కొట్టింది. కొట్టువాడు పగటిపూట చూపించే రంగులో మనం రాత్రిపూట బతుకుతున్నాం, ఆ సంగతి ఏ కార్డూ చెప్పదు.

మూడో రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి అత్తమ్మ పిలిచింది. నీళ్ళు కావాలేమో అనుకుని వెళ్ళాను. "నడిమిది," అంది. "లైటు లేకున్నా అదే కనపడుతున్నది." 1825లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు రాసిన సంగతే అది. మసక వెలుతురులో ఎరుపు నల్లబడిపోతుంది, నీలం మాత్రం కంటికి నిలుస్తుంది. ఆయనకి అది పరిశోధన. మా అత్తమ్మకి ఆర్నెల్లుగా నిద్రపట్టని రాత్రుల అనుభవం. నిద్రపోయేవాళ్ళకి పడకగది రంగుతో పనేముంది చెప్పండి? మేలుకుని ఉండేవాళ్ళకే పని.

నేను చెప్పదలచుకున్నది అంతే. నాకు నీలం మీద కోపం లేదు, కార్డుల మీద కూడా లేదు. చల్లన అనీ, శని అనీ, జెండా అనీ, అబ్బాయిల రంగనీ, హోటల్లా ఉంటుందనీ ఇన్ని కారణాలు మనం వెతుక్కునేది ఒకే ఒక్క పని తప్పించుకోవడానికి. ఆ గదిలో ఉండే మనిషిని అడగడం! ఆ మనిషి చిన్నపిల్ల అయితే దానికేం తెలుసంటాం, ముసలామె అయితే ఇప్పుడామెకెందుకంటాం, ఇంటి ఇల్లాలైతే అసలు గుర్తే రాదు. అడిగితే ఏమవుతుంది? మహా అయితే మనం అనుకోని జవాబు వస్తుంది. ఆ భయానికే కాబోలు అడగం.

ఇప్పుడు అత్తమ్మ గదికి గోడలు ఉత్త తెలుపు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నాలుగు వైపులా చూసి, "రంగు వేయించలేదా ఇంకా?" అంటారు. అత్తమ్మ నవ్వి ఊరుకుంటుంది. తల పైకెత్తి చూసినవాళ్ళు ఇంతవరకూ ఇద్దరే. ఒకరు కోదాడ మనవరాలు. వచ్చీరాగానే మంచం ఎక్కి ముత్తవ్వ పక్కన పడుకుంది కాబట్టి కనిపెట్టింది.

మొన్న మా వారు మా గదికి కూడా రంగు వేయిద్దామంటూ మళ్ళీ ఆ కార్డు తీశారు. "ఏ నీలం కావాలి?" అని ఈసారి నన్నే అడిగారు. ముప్పై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి! నీలమే అని ఎవరన్నారు, మూడు రాత్రులు ఆగి చెప్తానన్నాను.

మీ ఇంట్లో కూడా రంగుల పని ఉంటే ముందు ఆ గదిలో చాప వేసుకుని, లైటు ఆర్పి కాసేపు పడుకోండి. కొట్టుకి తర్వాత వెళ్ళొచ్చు, అది ఎక్కడికీ పోదు.